మనోడు మైక్ పట్టుకుంటే

ఒక జట్టుకు ఏళ్ల తరబడి ఆడినవాడు రిటైరయ్యాక అదే జట్టు మ్యాచ్‌లో మైక్ పట్టుకుని మాట్లాడితే ఆ మాట నమ్మాలా వద్దా? నల్లగొండలో మా ఫుట్‌బాల్ గ్యాంగ్‌లో ఈ పంచాయితీ ఎప్పటికీ తెగదు. శని, ఆదివారాలు పొద్దుపోయేదాకా ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్ మ్యాచ్‌లు చూస్తాం, తెల్లారి క్లాక్ టవర్ దగ్గర చాయ్ తాగుతూ మ్యాచ్ కంటే ఎక్కువగా కామెంటేటర్ల గురించే కొట్లాడుకుంటాం. మాలో లివర్‌పూల్ ఫ్యాన్స్‌కి, మాంచెస్టర్ యునైటెడ్‌కు ఆడి కామెంటేటరైన గ్యారీ నెవిల్ అంటే పడదు. "వాడు యునైటెడోడు, మనల్ని ఎట్ల మెచ్చుకుంటడు" అంటారు. యునైటెడ్ ఫ్యాన్స్‌కీ ఆయన మీద కోపమే, "మనోడై ఉండి మన టీమ్‌నే రోజూ తిడతడు" అని.

రెండు వైపుల నుంచీ తిట్లు పడుతున్నాయంటే మధ్యలో ఉన్నట్టే, కాబట్టి న్యాయంగా మాట్లాడుతున్నట్టే అని కొందరు తేల్చేస్తారు. నేను ఒప్పుకోను. తప్పుగా మాట్లాడేవాడు కూడా ఇద్దరికీ నచ్చడు కదా. ఇన్నేళ్లు ఆట చూసి, కొన్నాళ్లు ఆడి, చాలామంది కామెంటరీ విన్నాక నాకు అర్థమైంది వేరే. పాత జట్టు మీద ప్రేమ ఉండటం సమస్యే కాదు. ఆ మనిషికి ఎవరి దగ్గర మొహమాటం ఉంది, అది చూడాలి. ప్రేమ ఉన్నవాడు నిజం చెప్పగలడు, చాలాసార్లు పరాయివాడి కంటే గట్టిగా చెప్తాడు. మొహమాటం ఉన్నవాడు మాత్రం నోరు తెరిచినా అసలు మాట దాటేస్తాడు.

ముందు, మాజీ ఆటగాడు మైక్ దగ్గర ఎందుకుండాలో చెప్పుకోవాలి. ఫుట్‌బాల్‌లో గోల్ పడిందంటే మన కళ్లు చివర్లో జారిపడ్డ డిఫెండర్ మీదో, బంతిని వదిలేసిన గోల్‌కీపర్ మీదో ఆగిపోతాయి. ఆడినవాడి కన్ను పది సెకన్లు వెనక్కి పోతుంది. మిడ్‌ఫీల్డర్ ఒకడు తన మనిషిని వదిలేసి నడుస్తూ వచ్చాడని, వాడు వదిలేసిన మనిషిని ఆపడానికి అంచున ఆడే డిఫెండర్, అంటే ఫుల్‌బ్యాక్, లోపలికి రావాల్సి వచ్చిందని, ఆ ఫుల్‌బ్యాక్ వదిలిన చోటి నుంచే గోల్ ముందుకు బంతి (క్రాస్) వచ్చిందని, జారిపడ్డవాడు నిజానికి ఇద్దరి పని ఒక్కడే చేయబోయి పడ్డాడని చూపిస్తాడు. నెవిల్, జేమీ క్యారగర్ సోమవారం రాత్రుళ్లు స్కై స్పోర్ట్స్‌లో తెర మీద బొమ్మ ఆపి చూపించేది ఇదే. ఇద్దరూ డిఫెండర్లే, ఇద్దరూ జీవితాంతం ఒకే క్లబ్‌కు ఆడినవాళ్లు. నెవిల్ మాంచెస్టర్ యునైటెడ్‌కు 602 మ్యాచ్‌లు, క్యారగర్ లివర్‌పూల్‌కు 737. అన్నేసి మ్యాచ్‌లు ఆడినవాడికి ఏ డిఫెండర్ భుజం ఎటు తిరిగి ఉందో చూస్తే చాలు, వాడి మనసులో ఏముందో తెలిసిపోతుంది. ఇది పుస్తకం చదివితే వచ్చే విద్య కాదు, దెబ్బలు తిని నేర్చుకునేది. పాత జట్టు మ్యాచ్‌కు ఆ మనిషి వద్దనడమంటే, ఆ జట్టు గురించి అందరికంటే ఎక్కువ తెలిసినవాణ్ని బయట కూర్చోబెట్టడమే.

ఇక మా దగ్గరి సంగతి. కాలేజీ రోజుల్లో నేను మా టౌన్ టీమ్‌కు లెఫ్ట్ బ్యాక్ ఆడేవాణ్ని. మాకంటే ముందు తరంలో అదే టీమ్‌కు సెంటర్ బ్యాక్ ఆడి, తర్వాత పీఈటీగా పనిచేసిన సారు ఒకరుండేవారు. టోర్నమెంట్ ఏదైనా మైక్ సారు చేతికే. ఒకసారి పాలమూరు టీమ్‌తో సెమీఫైనల్ పడింది. వాళ్లు గోల్ కొట్టారు. పాస్ వచ్చే క్షణానికి అవతలి స్ట్రైకర్ మన ఆఖరి డిఫెండర్‌ను దాటి గోల్‌కు దగ్గరగా నిలబడి ఉంటే అది ఆఫ్‌సైడ్, గోల్ చెల్లదు. గ్రౌండ్ చుట్టూ ఉన్న మా జనం అంతా ఆఫ్‌సైడ్, ఆఫ్‌సైడ్ అని అరుస్తూ రెఫరీ మీదికి పోతున్నారు. అప్పుడు సారు మైక్‌లో, "ఆఫ్‌సైడ్ కాదు, మన రైట్ బ్యాక్ లైన్‌తోని ముందుకు రాలే, ఎనకనే నిలబడ్డడు, ఆయన ఉన్నందుకే వాళ్లు ఆన్‌సైడ్ అయిండ్రు, గోల్ గోలే" అన్నారు. చెప్పింది అక్షరాలా నిజం. మిగతా ముగ్గురం ఒక అడుగు ముందుకేశాం, ఒక్కడు వెనకే ఉండిపోయాడు, ఆ ఒక్కడి వల్ల పాలమూరు స్ట్రైకర్‌కు దారి దొరికింది. సారు అలా చెప్పకపోయి ఉంటే ఆ రోజు రెఫరీకి దెబ్బలు పడేవి. కానీ మ్యాచ్ అయ్యాక మా వాళ్లు రెఫరీని వదిలేసి సారును పట్టుకున్నారు. "మనోడై ఉండి పాలమూరోళ్ల ముందర మన పరువు తీస్తవా సార్?"

నాకు అప్పుడే తెలిసింది, మాజీ ఆటగాడి నుంచి ఎక్కువమంది నిజం అడగరు, వకాల్తా అడుగుతారు. మనోడు కాబట్టి మన తరఫున కొట్లాడాలి. కొట్లాడకపోతే ద్రోహి. ప్రేమే పక్షపాతం అన్న ఆలోచన ఇక్కణ్నుంచే పుడుతుంది, ఎందుకంటే మన ప్రేమ అలా ఉంటుంది కాబట్టి ఆయనదీ అలాగే ఉంటుందని మనం అనుకుంటాం. సారుకు ఆ టీమ్ మీద ఉన్న ప్రేమ మాలో ఎవరికీ లేదు. పొద్దున్నే అందరికంటే ముందు వచ్చి సున్నంతో గీతలు గీసేది ఆయనే. ఆ రైట్ బ్యాక్‌కు ఆట నేర్పింది కూడా ఆయనే. లైన్ ఎప్పుడు ముందుకు జరపాలో వంద సార్లు చెప్పి ఉంటారు. ఆ ప్రేమ ఉన్నందుకే ఆ తప్పు ఆయనకు అంత తొందరగా కనిపించింది.

కొన్నేళ్ల తర్వాత అదే సారు, అదే గ్రౌండ్. టోర్నమెంట్‌కు డబ్బు పెట్టిన పెద్దమనిషి బంధువుల అబ్బాయి మా టీమ్‌లో ఆడుతున్నాడు. ఆ అబ్బాయి వెనక నుంచి వచ్చి అవతలి పిల్లవాడి కాళ్లు రెండూ లాగేశాడు, బంతి ఎక్కడో ఉంది. నేరుగా రెడ్ కార్డ్ ఇవ్వాల్సిన ఫౌల్, రెఫరీ ఎల్లో చూపించి ఊరుకున్నాడు. మైక్‌లో సారు స్కోరు చెప్పి, టైమ్ చెప్పి, పక్కకు జరిగిపోయారు. తర్వాత నేను అడిగాను, ఏంది సార్ అట్ల వదిలేసిండ్రు అని. "గోల్‌పోస్టులకు నెట్లు ఆయన కొనిచ్చినవే బిడ్డా. పోరగాళ్ల బూట్లు ఆయన ఇప్పించినవే. నేనేమని చెప్పాలె?" అన్నారు.

సారును తప్పుపట్టడానికి ఇది చెప్పడం లేదు. పిల్లల బూట్ల కోసం ఒక మాట మింగడం ఎంత కష్టమో నాకు తెలుసు. నేను చెప్పేది ఒక్కటే. టీమ్ మీద ప్రేమ మొదటి రోజూ ఉంది, రెండో రోజూ ఉంది, ఏమీ తగ్గలేదు. మారింది మొహమాటం ఒక్కటే.

దీన్ని పట్టుకుని పెద్ద క్లబ్బుల వైపు చూస్తే చాలా సంగతులు అర్థమవుతాయి. రాయ్ కీన్ కథ తీసుకోండి. 2005 అక్టోబర్ 29న యునైటెడ్ మిడిల్స్‌బ్రో చేతిలో 4-1తో ఓడింది. గాయం వల్ల ఆ మ్యాచ్ ఆడని కెప్టెన్ కీన్, క్లబ్ సొంత టీవీ ఛానెల్‌లో మ్యాచ్‌ను విశ్లేషించడానికి కూర్చుని సొంత జట్టు ఆటగాళ్లను కడిగేశాడు. ఆ ఇంటర్వ్యూను క్లబ్ ప్రసారమే చేయలేదు. నవంబర్ 18కల్లా కీన్ క్లబ్ వదిలి వెళ్లిపోయాడు, పన్నెండేళ్లకు పైగా ఆడినవాడు. కీన్ మాటలు ఎంత కఠినమైనవో అని ఇప్పటికీ చర్చ జరుగుతుంది గానీ, నన్ను అడిగితే అసలు విషయం ఆ ఛానెల్. క్లబ్ జీతంతో, క్లబ్ ఛానెల్‌లో కూర్చున్నవాడు ఎంత నిజం చెప్పాలనుకున్నా ఆ నిజం తెర మీదికి రావాలా వద్దా అని తేల్చేది క్లబ్బే. ఇప్పుడు ప్రతి పెద్ద క్లబ్‌కూ సొంత ఛానెలో, యాప్‌లో, యూట్యూబ్ పేజీయో ఉంది, అన్నింట్లోనూ పాత ఆటగాళ్లే మాట్లాడుతుంటారు. వాటిని నేనూ చూస్తాను, పాత గోల్స్, పాత ముచ్చట్లు వినడానికి బాగుంటాయి. ఓడిపోయిన రోజు మాత్రం విశ్లేషణ కోసం అక్కడికి పోను.

థియరీ ఆన్రీది ఇంకో రకం. ఆర్సెనల్ చరిత్రలో అందరికంటే ఎక్కువ గోల్స్ కొట్టినవాడు, 228. రిటైరయ్యాక స్కైలో విశ్లేషకుడిగా చేరాడు, మరోవైపు ఆర్సెనల్ కుర్రాళ్లకు కోచింగ్ కూడా ఇచ్చేవాడు. 2016లో కోచ్ ఆర్సెన్ వెంగర్ ఏదో ఒకటి ఎంచుకోమన్నాడు, ఆన్రీ టీవీ వైపు ఉండిపోయాడు. వెంగర్ అలా అడగడం కర్కశంగా ఉందని ఆ రోజుల్లో చాలామంది అన్నారు, నాకు మాత్రం అది సరైన పనే అనిపించింది. పొద్దున డ్రెస్సింగ్ రూమ్‌లో ఆటగాళ్ల పక్కన కూర్చుని, సాయంత్రం టీవీలో వాళ్ల గురించి తీర్పు చెప్పడం ఎలా కుదురుతుంది? చెప్తే అక్కడ నమ్మకం పోతుంది, చెప్పకపోతే ఇక్కడ పోతుంది.

ఇప్పుడు నెవిల్ దగ్గరికి వద్దాం, ఎందుకంటే నా వాదన మొత్తానికి ఆయనే మంచి పరీక్ష. 2021 ఏప్రిల్ 18న, పన్నెండు పెద్ద క్లబ్బులు కలిసి, ఎంత ఓడినా తమ చోటు పోకుండా యూరోపియన్ సూపర్ లీగ్ అని సొంత పోటీ పెట్టుకోబోతున్నాయని వార్త వచ్చిన రోజు, నెవిల్ యునైటెడ్, బర్న్లీ మ్యాచ్‌కు పనిచేస్తున్నాడు. నేను నలభై ఏళ్లుగా యునైటెడ్ అభిమానిని అని చెబుతూనే, సొంత క్లబ్‌నూ లివర్‌పూల్‌నూ ముందు వరసలో నిలబెట్టి దుమ్ము దులిపాడు. ఈ క్లబ్బుల పాయింట్లు కోసి లీగ్‌లో అడుగున పెట్టమన్నాడు. రెండు మూడు రోజుల్లోనే ఆరు ఇంగ్లిష్ క్లబ్బులూ వెనక్కి తగ్గాయి. అది ఆయన ఒక్కడి వల్ల జరిగిందని నేననను, వీధుల్లోకి వచ్చిన అభిమానుల వల్ల జరిగింది. కానీ ఆ రోజు ఆ మాట యునైటెడ్ గురించి యునైటెడ్ మనిషి నోటి నుంచి రావడంలో ఉన్న బలం వేరు. అదే మాట పరాయి క్లబ్ ఆటగాడు అని ఉంటే, ఓర్వలేక అన్నాడని కొట్టిపారేసేవాళ్లు. యజమానులైన గ్లేజర్ కుటుంబం దగ్గర ఆయనకు ఏ మొహమాటమూ లేదు.

అదే సంవత్సరం అక్టోబర్‌కు రండి. ఓల్డ్ ట్రాఫర్డ్‌లో యునైటెడ్ లివర్‌పూల్ చేతిలో 5-0తో చిత్తయింది. కోచ్ ఎవరు? ఒలే గున్నార్ సోల్షేర్. 1999 ఛాంపియన్స్ లీగ్ ఫైనల్‌లో ఆఖరి నిమిషాల్లో గెలుపు గోల్ కొట్టింది సోల్షేర్, ఆ మ్యాచ్‌లో రైట్ బ్యాక్ ఆడింది నెవిల్. కోచ్‌ను తీసేయమని తాను అడగనని నెవిల్ బాహాటంగానే చెప్పాడు. పక్కనే ఉన్న క్యారగర్, యునైటెడ్‌కు ఇంతకంటే మంచి కోచ్ కావాలని ఏ తడబాటూ లేకుండా అన్నాడు. నవంబర్ 20న వాట్‌ఫర్డ్ 4-1తో కొట్టింది, మర్నాడు సోల్షేర్ ఉద్యోగం పోయింది.

ఆరు నెలల తేడాతో ఒకే మనిషి. కోట్ల రూపాయల యజమానుల ముందు తగ్గనివాడు, కలిసి కప్పు ఎత్తిన స్నేహితుడి దగ్గర తగ్గాడు. క్లబ్ మీద ప్రేమే ఆయన చూపును చెడగొట్టేదైతే ఏప్రిల్‌లోనూ నోరు లేవకూడదు. చెడగొట్టింది ఒక మనిషితో ఉన్న అనుబంధం. ఇందులో నెవిల్‌ను మెచ్చుకోవాల్సింది ఒకటుంది, తాను ఎక్కడ ఆగిపోతున్నాడో దాచకుండా చెప్పాడు. చూసేవాళ్లకు అంత తెలిస్తే చాలు. ఈ విషయంలో ఈయన మాట కొంత తగ్గించి వినాలి, దీనికి క్యారగర్ మాట వినాలి అని మనమే లెక్క వేసుకుంటాం. ఆ మాట చెప్పకుండా న్యాయమూర్తి మొహం పెట్టుకుని కూర్చునేవాళ్లతోనే నాకు ఇబ్బంది.

మాజీ ఆటగాళ్లు వద్దు, జర్నలిస్టులైతే నిష్పక్షపాతంగా ఉంటారు అనేవాళ్లు మా గ్యాంగ్‌లోనూ ఉన్నారు. జర్నలిస్టుకు ఉండే మొహమాటం వేరే రకం. తన కొడుకు మీద 2004లో బీబీసీ ఒక డాక్యుమెంటరీ వేసిందని యునైటెడ్ కోచ్ అలెక్స్ ఫెర్గూసన్ 2011 దాకా ఆ ఛానెల్‌కు ఇంటర్వ్యూ ఇవ్వలేదు. ఏడేళ్లు! అంత పెద్ద సంస్థకే తలుపు మూసేస్తే, చిన్న పత్రిక రిపోర్టర్ ఎంత ఆలోచించి రాయాలి? మన దగ్గర హర్షా భోగ్లే ఉన్నారు, హైదరాబాద్‌లో పెరిగిన మనిషి, దేశానికి ఎన్నడూ ఆడలేదు, కామెంటరీనే వృత్తి చేసుకున్నారు. 2016 ఐపీఎల్ మొదలయ్యే ముందు ఆయన్నీ ప్యానెల్ నుంచి తప్పించారు. భారత్ తరఫున ఆడిన సంజయ్ మంజ్రేకర్‌నూ 2020లో క్రికెట్ బోర్డు కామెంటరీ ప్యానెల్ నుంచి తప్పించారు. ఆడినవాడికీ, ఆడనివాడికీ ఒకటే గతి పట్టిందంటే సమస్య ఆడటంలో లేదు. కామెంటేటర్‌కు జీతమిచ్చేది ఎవరు, తీసేయగలిగేది ఎవరు, అక్కడుంది. క్రికెట్ సంగతి ఎందుకు తెచ్చానంటే మన ఇళ్లలో కామెంటరీ అంటే అదే కాబట్టి.

ప్రేమ వల్ల చూపు చెడే చోటు అసలే లేదని కూడా అనను. ఒకటుంది, కానీ జనం వెతికే చోట కాదు. పాత జట్టును అతిగా పొగడటం కంటే, "మా కాలంలో" అంటూ అతిగా తిట్టడమే మాజీ ఆటగాళ్లలో నాకు ఎక్కువ కనిపిస్తుంది. నెవిల్ ఎనిమిది లీగ్ టైటిళ్లు గెలిచినవాడు, కీన్ ఏడు. ఫెర్గూసన్ 2013లో పదమూడో ప్రీమియర్ లీగ్ టైటిల్‌తో రిటైరయ్యాడు, ఆ తర్వాత వచ్చిన ప్రతి కుర్రాణ్నీ ఆ జట్టు పక్కన నిలబెట్టి కొలుస్తారు. ఇరవై ఏళ్ల పిల్లవాడు నాలుగు పాస్‌లు తప్పితే పోరాట పటిమ లేదు, జెర్సీకి అర్హత లేదు అనేస్తారు. అది విశ్లేషణ కాదు. పోయిన యవ్వనం మీద దిగులు. మా పాత టీమ్ మ్యాచ్‌లకు పోయినప్పుడు గట్టు మీద కూర్చున్న మా తరం వాళ్లూ ఇదే అంటారు, మేమైతే ఎండలో తొంభై నిమిషాలు ఉరికేటోళ్లం అని. ఇలాంటి మాట వినిపించినప్పుడు నేను ఒకటే చూస్తాను, ఈయన చూపిస్తున్నది గ్రౌండ్‌లో జరిగిందా, లేక కుర్రాడి మనసులో ఏముందో ఊహించి చెప్తున్నాడా? లైన్ ఎక్కడ తెగింది, పాస్ ఎందుకు పోయింది అని చెప్తే వింటాను. వాడికి రోషం లేదు అంటే సౌండ్ తగ్గిస్తాను.

ఇంత దూరంలో ఉన్న ఇంగ్లండ్ కామెంటేటర్ల గురించి మనకెందుకింత తపన అని ఇంట్లో అడుగుతుంటారు. మన గడ్డ మీద ఫుట్‌బాల్‌కు అలాంటి నోరు లేకపోవడం వల్లే నాకింత తపన. సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణలో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. ఆయన కోచ్‌గా ఉండగానే భారత్ 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది, 1962 ఆసియా క్రీడల్లో బంగారు పతకం తెచ్చింది. తులసీదాస్ బలరాం, పీటర్ తంగరాజ్, యూసఫ్ ఖాన్, అందరూ ఇక్కడి వాళ్లే. అంత వైభవం ఎలా కరిగిపోయిందో ఆ జట్లలో ఆడినవాళ్లు రోజూ సాయంత్రం టీవీలో తెలుగులోనో ఉర్దూలోనో చెప్పి ఉంటే, వినే జనం ఉండేవారు, అడిగే జనం కూడా తయారయ్యేవారు.

దగ్గరి కాలంలో హైదరాబాద్ ఎఫ్‌సీనే చూడండి. 2022 మార్చి 20న గోవాలో ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్) ఫైనల్, కేరళ బ్లాస్టర్స్‌తో 1-1, పెనాల్టీ షూటౌట్‌లో మన గోల్‌కీపర్ కట్టిమణి మూడు ఆపాడు, ఐఎస్ఎల్ కప్ మనది. ఆ రాత్రి నల్లగొండలో మేం నిద్రపోలేదు. రెండేళ్లు తిరిగేసరికి 2023-24 సీజన్‌లో ఆ జట్టు ఒకే ఒక్క మ్యాచ్ గెలిచి అట్టడుగున నిలిచింది. ఆటగాళ్లకు జీతాలు అందలేదని వార్తలు, వరసగా వెళ్లిపోయిన విదేశీ ఆటగాళ్లు. మేం ఆ కథంతా ఇంగ్లిష్ వెబ్‌సైట్లలో ముక్కలు ముక్కలుగా చదువుకున్నాం. ఆ పసుపు జెర్సీ వేసుకున్నవాడు ఒకడైనా తీరిగ్గా కూర్చుని, లోపల ఏం జరిగిందో మాకర్థమయ్యే భాషలో చెప్తే ఎంత బాగుండేది! ప్రేమ లేక కాదు. రావాల్సిన బకాయి ఉన్నవాడు, రేపు ఇంకో క్లబ్ తలుపు తట్టాల్సినవాడు నోరు విప్పగలడా?

నోరు విప్పడానికి టైమ్ పట్టొచ్చు. క్యారగర్‌నే చూడండి. 2011లో యునైటెడ్ ఆటగాడు పాట్రిస్ ఎవ్రాను జాతి పేరుతో దూషించాడని లివర్‌పూల్ ఆటగాడు లూయిస్ సువారెజ్ మీద ఎనిమిది మ్యాచ్‌ల నిషేధం పడింది. అప్పుడు లివర్‌పూల్ ఆటగాళ్లంతా సువారెజ్ బొమ్మ ఉన్న టీషర్టులు వేసుకుని వార్మప్‌కు వచ్చారు, వాళ్లలో క్యారగర్ ఉన్నాడు. 2019లో స్కై స్టూడియోలో ఎవ్రా పక్కన కూర్చుని, మా క్లబ్ చేసింది పెద్ద తప్పు అని ఎవ్రాకు క్షమాపణ చెప్పాడు. ఎనిమిదేళ్ల తర్వాత చెప్పి లాభమేంటని మా వాళ్లలో ఒకడు ఇప్పటికీ వాదిస్తాడు, ఆ రోజు టీషర్టు వేసుకోనని అని ఉంటే కదా మగతనం అంటాడు. వాడి మాటలో న్యాయం ఉంది. కానీ ఆ క్షమాపణ టీవీలో లివర్‌పూల్ మనిషి నోటి నుంచి కాకుండా ఇంకెవరి నుంచి వచ్చినా ఎవ్రాకు అది చేరేది కాదు, ఎందుకంటే తప్పు చేసిన ఇంటి నుంచి రావాల్సిన మాట అది.

ఈసారి మా దగ్గర టోర్నమెంట్ పెట్టినప్పుడు మైక్ మళ్లీ సారుకే ఇవ్వాలని నేను కమిటీ వాళ్లతో అన్నాను. వయసైంది, ఎవరైనా కుర్రాడికిద్దాం, అసలు ఏ టీమ్‌కూ ఆడని యాంకర్‌ను హైదరాబాద్ నుంచి పిలుద్దాం అంటున్నారు. ఆ యాంకర్‌కు ఎవరి మీదా పక్షపాతం ఉండదు నిజమే, ఆఫ్‌సైడ్ లైన్ ఎక్కడ తెగిందో కూడా తెలియదు. నేనడిగింది ఇంకొకటి కూడా, నెట్లకూ బూట్లకూ డబ్బు కమిటీ చందాల నుంచి పెట్టాలి, ఏ ఒక్క పెద్దమనిషి పేరు మీదా తేవద్దు. చందాల లెక్క ఇంకా తేలలేదు, నల్లగొండ, మిర్యాలగూడ, సూర్యాపేట పాత ఆటగాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే తలా కొంత పంపండి.